తీగకు అంటుకున్న లాంచీ

తాడు కాదమ్మా గ్రేసీ, తీగ అని రాయి. తాడు వేరు, తీగ వేరు. తాడు చేతిలో ఉంటుంది. లాగితే తెరచాప బిగుస్తుంది, వదిలితే సడలుతుంది. తీగ అలా కాదు. పడవ మధ్యలో నిలబెట్టిన కొయ్య పడిపోకుండా రెండు పక్కలా బిగించి కట్టే ఇనప తీగ అది. కదలదు. మీ చిన్నతాత యేసురాజు బతుకంతా ఆ కదలని తీగని నమ్ముకునే గడిచింది కాబట్టి ఆ ఒక్క మాట తప్పు పోకూడదు. సరే, రాసుకో. నేరేడ్‌మెట్ బస్టాపు దగ్గర ఆపాం కదూ.

బస్టాపులో యేసురాజు నిలబడి ఉన్నాడు. పోయిన ఏడాది, లష్కర్ బోనాలకి ముందు రోజు, శనివారం. పొద్దున ఆరు దాటింది. కురిసిన వానకి రోడ్డు ఇంకా తడిగానే ఉంది. ఖాకీ నిక్కరు, ఉతికి ఉతికి రంగు వెలిసిన నీలం చొక్కా, భుజానికి గుడ్డసంచీ, అందులో భార్య సువార్త కట్టిచ్చిన ఉప్మా డబ్బా. అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టివాడు, మెడ అసలే లేనట్టుండేది, చేతులు మాత్రం మోకాళ్ళ దాకా వేలాడేవి. నలభై ఏళ్ళుగా తాళ్ళు ఒరుసుకుపోయి ఆ అరచేతులు చెప్పు అట్టల్లా గట్టిపడ్డాయి. బస్సు వచ్చి ముందే ఆగింది. వెంటనే ఎక్కలేదు. పాలపాకెట్లు పట్టుకుని నిలబడ్డ ఆవిడని అడిగాడు.

“అమ్మా, ఇది సికింద్రాబాద్ స్టేషన్‌కి పోద్దా?”

“బోర్డు మీద ఇంతింత అక్షరాలు రాసిండ్రు కద పెద్దాయనా!”

“వాళ్ళు రాశారమ్మా. చదవడం నాకు రావాలి కదా,” అని నవ్వేసి ఎక్కాడు.

చదవడం వాడికి వచ్చు. రానిది నాకు. వాడు బైబిలు గడగడా చదివేవాడు, ఆదివారం చర్చిలో మైకు ముందు నిలబడి కీర్తన సంఖ్య కూడా తప్పకుండా చెప్పేవాడు. ఆ రోజు బోర్డు చదవలేకపోవడానికి కారణం వేరే.

ఎండాకాలంలో సువార్తకి తెలియకుండా కంటి ఆసుపత్రికి పోయి వచ్చాడు. నీటికాసులు అన్నారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చుట్టూ ఉన్న చూపు ముందు పోతుంది, ఎదటి చూపు చివరికి పోతుంది. ఎడమ కన్ను చాలా వరకు పోయింది, కుడి కంట్లోనూ ఎడమ వైపు చూపు తరిగింది, పోయింది రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి పూటకో చుక్క వేసుకోమన్నారు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పనిచేసే చోట అసలే చెప్పలేదు. అన్నని కాబట్టి నాకొక్కడికి చెప్పాడు, అదీ వాకిట్లో కూర్చుని చెప్పులు సర్దుకుంటూ, మొహం అటు పెట్టుకుని. మోపెడ్ తీయడం మానేసి, మోకాలు నొప్పి అని అందరికీ చెప్పుకున్నాడు.

“ఎందుకురా దాయడం?” అని అడిగాను.

“తెలిస్తే నీళ్ళ మీదకి పోనివ్వరన్నయ్యా. ఈ ఒక్క వానాకాలం గడవనీ. నాగజ్యోతి పరీక్ష అయిపోనీ. తర్వాత నేనే చెప్తాను.”

వాడి పని ఏమిటో నీకూ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు, అయినా రాయి. హుస్సేన్ సాగర్‌కి సికింద్రాబాద్ ఒడ్డున తెరచాప పడవలు నేర్పే చిన్న క్లబ్బు ఒకటుంది. యేసురాజు అందులో పడవలవాడు. పడవలు కడగాలి, రంగులు వేయాలి, చిరిగిన చాప కుట్టాలి. నేర్చుకునేవాళ్ళు నీళ్ళలోకి పోతే ఇంజను ఉన్న రెస్క్యూ పడవలో వాళ్ళ వెనకాలే పోవాలి. బోల్తా పడితే తియ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, సాగర్‌లో తిరిగే పెద్ద లాంచీల కింద ఎవరూ పడకుండా చూసుకోవాలి. వాడు ఉన్నన్నాళ్ళూ ఎవరూ పడలేదు.

క్లబ్బుకి చేరగానే వాడు చేసే మొదటి పని, జెట్టీ మెట్ల మీదకి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క లాగి అవతల పడెయ్యడం. రెండోది, కోసిన నూనె డబ్బాతో పడవల్లోని వాననీళ్ళు తోడెయ్యడం. మూడోది తీగల పని. ఒక్కొక్క పడవ దగ్గరా వంగి, తీగని వేలితో మీటి, చెవి పెట్టి వినేవాడు. సరిగ్గా బిగిస్తే ఒక మోత, సడలితే ఒక మోత. కన్ను సరిగా ఉన్న రోజుల్లో కూడా చూసి చెప్పేవాడు కాదు, మీటే చెప్పేవాడు. ఆ రోజు ఏడో పడవ తీగ కొంచెం బొంగురుగా పలికితే అర చుట్టు బిగించాడు. నాగజ్యోతి పరీక్ష ఆ పడవలోనే.

ఈ మీటడం మా నాన్న దగ్గర నేర్చుకున్నదే. బందరు దగ్గర గిలకలదిండిలో మాకు నాటుపడవ ఉండేది. దానికి తీగలెక్కడివి, కొబ్బరిపీచు మోకులే. చలికాలం ఉదయాన చిరుమంచులో సముద్రం మీదకి పోతే దూరాన ఓడ కనపడేది. ముందు బొగ్గుముక్కంత ఉండేది, చూస్తుండగానే ఇల్లంత అయ్యేది. నాన్న మమ్మల్నిద్దర్నీ పక్కన కూర్చోబెట్టుకుని, “ఓడని చూడకండిరా, మోకుని చూడండి. ఓడ మోకు మీదుగా ముందుకి జరిగిందా, మన ముందు నుంచి పోతుంది. వెనక్కి జరిగిందా, మన వెనక నుంచి పోతుంది. జరక్కుండా మోకుకే అంటుకుని పెద్దదవుతుందా, అది మన మీదకే వస్తుంది” అనేవాడు. నేను ఎప్పుడూ ఓడ వైపే చూసేవాణ్ణి. దాని పొగగొట్టం, దాని మీద తిరిగే మనుషులు. యేసురాజు మోకుని చూసేవాడు. ఏడేళ్ళవాడు, గడ్డం తీసుకెళ్ళి భుజానికి ఆనించుకుని, శిలలా కూర్చుని చూసేవాడు. తల కదిలితే ఓడ జరిగినట్టే కనపడుతుందని, మోసపోతామని వాడికి వాడే కనిపెట్టాడు. నాన్న వాడి వీపు తట్టాడు. నా వీపు తట్టలేదు.

ఉప్పెన వచ్చిన ఏడు పడవా పోయింది, నాన్నా పోయాడు. నేను అప్పటికే సికింద్రాబాద్‌లో మిషన్ స్కూల్లో గంట కొట్టే పనిలో ఉన్నాను. తమ్ముణ్ణి తెచ్చుకున్నాను. స్కూల్లో తోటపనికి పెడితే నెల రోజులు చేసి, ఒక సాయంత్రం సాగర్ గట్టుకి పోయి తెల్ల తెరచాపలు చూసి, మర్నాటి నుంచి తోటపనికి రాలేదు. “ఉప్పు లేదు గానీ అన్నయ్యా, గాలి ఉంది,” అన్నాడు. అంతే.

అప్పట్లో సాగర్‌లో ఇన్ని లాంచీలు లేవు. నీళ్ళు అప్పుడూ కొబ్బరినీళ్ళేం కావు గానీ, పడవ కడిగితే చేతికి జిడ్డు అంటేది కాదు. ఆదివారం ఆఫీసర్లు భార్యలతో వచ్చి చెక్కపడవలు నడిపేవాళ్ళు. వార్నిష్ వాసన ఒడ్డంతా ఉండేది. సువార్త కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో క్యారేజీ తీసుకుని వచ్చి, జెట్టీ చివర కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టేది. తర్వాత బుద్ధుడి విగ్రహం తెస్తూ ఉంటే మునిగిపోయి, రెండేళ్ళకి పైగా అడుగునే ఉండిపోయింది. ఆ రెండేళ్ళూ ఆ చోటు మీదుగా పడవ పోయేటప్పుడు యేసురాజు మాట్లాడటం ఆపేసేవాడు. పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారని ఏడిపిస్తే, “పడుకున్న మనిషి మీంచి పోతున్నప్పుడు ఎవరమైనా గట్టిగా మాట్లాడతామా?” అనేవాడు. విగ్రహం లేచి రాయి మీద నిలబడ్డాక జనం రావడం మొదలుపెట్టారు. జనంతో పాటే లాంచీలూ వచ్చాయి. ముందు చిన్నవి, తర్వాత రెండంతస్తులవి, పుట్టినరోజు పాటలతో, రంగుల లైట్లతో.

తెరచాప పడవకి ఇంజను పడవ దారి ఇవ్వాలని క్లబ్బు పుస్తకంలో ఉంటుందట. నేర్చుకోవడానికి వచ్చిన వాళ్ళు మొదటి రోజే ఆ మాట ఎత్తేవాళ్ళు. యేసురాజు ఒకటే అడిగేవాడు. “పుస్తకం నువ్వు చదివావు. లాంచీ నడిపేవాడు చదివాడా?” ఆ తర్వాత వాళ్ళ గడ్డం పట్టుకుని భుజానికి ఆనించి, తీగని చూపించేవాడు.

అలా వాడు గడ్డం పట్టుకున్న వాళ్ళలో నాగజ్యోతి ఒకతె. బన్సీలాల్‌పేట్ పిల్ల. తల్లి మెట్లబావి దగ్గర పూలు అమ్ముతుంది. బస్తీ పిల్లలకి ఉచితంగా నేర్పుతామంటే పన్నెండేళ్ళప్పుడు వచ్చింది. ఇప్పుడు ఇరవై ఒకటి, డిగ్రీ అయిపోయింది. అదే క్లబ్బులో పిల్లలకి నేర్పే ఉద్యోగం ఒకటి ఖాళీ అయితే దరఖాస్తు పెట్టుకుంది. రాత పరీక్ష అయిపోయింది. ఆ శనివారం నీళ్ళ మీద పరీక్ష, అదే ఆఖరిది. ఒంటరిగా సాగర్ దాటి, అవతల కట్టిన నారింజ డ్రమ్ము చుట్టి, లాంచీల దారి మళ్ళీ దాటి తిరిగి రావాలి.

ఎనిమిదింటికి తడిజుట్టు ముడేసుకుంటూ పరుగున వచ్చింది.

“తాతా, మా అమ్మ పొద్దుగాల్నుంచి నా నెత్తి తింటున్నది. రేపు బోనం, ఇంటి నిండా చుట్టాలు, నువ్వేమో పడవ అంటవ్ అని. పరీక్ష పాసైతే ఇంకో బోనం ఎత్తుతా అని మొక్కిన.”

“మీ అమ్మవారికి మొక్కుకున్నాక ఇంక నేను విజిల్ ఊదేదెందుకే? ఆవిడ్నే వచ్చి ఊదమను.”

“ఆమెకెందుకు తక్లీఫ్? నువ్వున్నవ్ కద.”

యేసురాజు నవ్వాడు గానీ, ఆ మాట గుండెల్లో ఎక్కడో గుచ్చుకుందని సాయంత్రం నాతో చెప్పాడు.

ఈలకి వాళ్ళకో పద్ధతి ఉంది. పొడుగ్గా ఒకటి ఊదితే ఆగిపో అని. పొట్టిగా రెండు ఊదితే రెండు పక్కలా చూశాను, దారి ఉంది, అలాగే సాగిపో అని. ఇది ఎందుకంటే, గాలి ఒక పక్క నుంచి కొడుతుంటే చాప రెండో పక్కకి తెరుచుకుంటుంది. ఆ చాప చాటున ఏముందో పడవలో కూర్చున్న వాళ్ళకి కనపడదు. వెనక రెస్క్యూ పడవలో ఉన్నవాడికి కనపడుతుంది. అందుకే ఈల వినకపోతే పరీక్ష పోయినట్టే. ఆ నియమం పెట్టించింది కూడా యేసురాజే.

క్లబ్బు పెద్ద యుగంధర్ గారు, రిటైరైన మిలిటరీ మనిషి, చేతిలో అట్టా కాగితమూ పట్టుకుని జెట్టీ చివర నిలబడ్డాడు. పడమటి గాలి మంచి జోరు మీద ఉంది. నాగజ్యోతి పోయేటప్పుడు ఏ లోపమూ లేకుండా పోయింది. డ్రమ్ము చుట్టింది. చుట్టేటప్పుడు ఒక చుక్క నీళ్ళు కూడా పడవలోకి రాలేదు. వెనకాల రెస్క్యూ పడవలో యేసురాజు, ఈల పళ్ళ మధ్య పెట్టుకుని, కుడి కన్నుతో ఆ చాపని చూస్తూ మురిసిపోతున్నాడు.

తిరుగుదారిలో గాలి ఎడమ పక్క నుంచి. చాప కుడి పక్కకి తెరుచుకుంది. ఆ కుడి పక్క నుంచే ఒక లాంచీ బయల్దేరింది, పాట పెట్టుకుని. నాగజ్యోతికి అది కనపడదు. యేసురాజు గడ్డం భుజానికి ఆనించాడు. లాంచీ ఏడో పడవ తీగ మీదుగా ముందుకి జరిగింది, ఇంకా జరిగింది, వాళ్ళ ముందు నుంచి దాటి పోయింది. ఎడమ పక్కకి కూడా తల తిప్పాడు. నీళ్ళు, దూరంగా చెట్లు, మబ్బు. ఏమీ లేదు. పాట ఇంకా వినపడుతూనే ఉంది గానీ అది పోయిన లాంచీదే అనుకున్నాడు. పొట్టిగా రెండు ఊదాడు.

నాగజ్యోతి పడవ ఆగిపోయింది.

చాప తాడు చేతిలోంచి వదిలేసింది. చాప గాలికి టపటపా కొట్టుకుంటోంది. పడవ ఉన్నచోటే ఊగుతోంది. యేసురాజుకి అర్థం కాలేదు. మళ్ళీ రెండు ఊదాడు. కోపంగా ఊదాడు. ఆ పిల్ల కదల్లేదు. అప్పుడు, తలుపు చాటు నుంచి మనిషి వచ్చినట్టు, వాడి చూపులోకి ఎడమ పక్క నుంచి తెల్లటి గోడ ఒకటి జరుగుతూ వచ్చింది. రెండంతస్తుల లాంచీ. పైన టోపీలు పెట్టుకున్న పిల్లలు, బెలూన్లు, కేకు కోస్తున్న వాళ్ళు. నాగజ్యోతి పడవ ముక్కుకి ఇరవై అడుగుల దూరంలోంచి అది తాపీగా దాటిపోయింది. దాని మీద ఉన్న ఒక్కరూ కిందకి చూడలేదు. అది లేపిన అలలకి పడవ రెండు పక్కలా మునిగి లేచింది.

తను ఊదినట్టు సాగిపోయి ఉంటే ఆ పిల్ల సరిగ్గా దాని కింద ఉండేది.

ఇంజను ఆపి పక్కకి చేరాడు. ఈల నోట్లోంచి జారి గుండె మీద వేలాడుతోంది. నాగజ్యోతి మొహం తెల్లబోయి ఉంది. చిత్రమేమిటంటే, ఆ పిల్ల భయం లాంచీ గురించి కాదు.

“తప్పయింది తాతా. నువ్వు రెండు ఊదినవ్, నేను ఆగిన. తీగకు అంటుకున్నట్టే అనిపిచ్చింది. నా కండ్లే మోసం చేసినయేమో.”

వాడి ఈలని నమ్మి, ఎదురుగా దాటిన లాంచీని కాదంటోంది ఆ పిల్ల.

“పద. ఒడ్డుకి పద,” అని మాత్రం అన్నాడు.

జెట్టీ మీద నుంచి చూసిన యుగంధర్ గారికి లాంచీ అడ్డం వచ్చి పడవ కనపడలేదు, అది ఎంత దగ్గరగా పోయిందో తెలియలేదు. ఈల మాత్రం వినపడింది, నాలుగుసార్లు, స్పష్టంగా.

“రెండు షార్ట్. మళ్ళీ రెండు షార్ట్. ఎందుకు ఆగావమ్మా?”

“భయమైంది సార్.”

“భయమైతే ఎలా? రేపు పది మంది పిల్లల్ని నీ చేతిలో పెట్టాలి నేను.”

“లాంచీ వచ్చింది సార్.”

“వస్తే రాజు చూడడా? నలభై ఏళ్ళలో రాజు విజిల్ ఒక్కసారైనా తప్పయిందా, చెప్పు.”

“లేదు సార్,” అంది నాగజ్యోతి. తల వంచుకుని, “తప్పు నాదే,” అంది.

యుగంధర్ గారు అట్ట మీద కాగితంలో ఏదో రాశాడు. ఆ పిల్ల పైపు తీసుకుని ఏడో పడవ కడగడానికి పోయింది. ఎప్పుడూ పాడుతూ కడిగేది.

యేసురాజు మెట్ల దగ్గర రెస్క్యూ పడవ కట్టేస్తూ అంతా విన్నాడు. రోజూ రెండు చుట్లతో అయిపోయే ముడి ఆ రోజు ఎంతకీ పడలేదు. వేశాడు, విప్పాడు, మళ్ళీ వేశాడు. ఊరుకుంటే ఏమవుతుంది? పిల్ల వయసులో ఉంది, ఇంకో పరీక్ష వస్తుంది, ఇంకో ఉద్యోగం వస్తుంది. తనకి మాత్రం ఈ నీళ్ళు మళ్ళీ రావు. నేరేడ్‌మెట్‌లో వాకిట్లో కుర్చీ, మధ్యాహ్నం టీవీ, పూటకో చుక్క మందు. అంతే మిగిలేది. ఈ మాటలు వాడు నా ముందు దాచుకోలేదు. “ఊరుకుందామనే అనుకున్నా అన్నయ్యా. ముడి పడితే ఊరుకునేవాణ్ణేమో,” అన్నాడు.

ముడి వదిలేసి, పడవల షెడ్డులోకి పోయాడు. యుగంధర్ గారు అక్కడ ఒంటరిగా ఉన్నాడు.

“సార్, విజిల్ తప్పు. పిల్లది కాదు. ఎడమ పక్క లాంచీ ఉంది, నేను రెండు ఊదాను. అది ఆగబట్టి బతికింది.”

యుగంధర్ గారు మంచి మనిషే. ఒక దారి తెరిచి ఇద్దామనుకున్నాడు.

“ఏదో ధ్యాసలో ఉండి చూసుకోలేదు. అంతేగా రాజూ? ఎవరికైనా జరుగుతుంది. పిల్లని పాస్ చేసేస్తా. నీకు ఒక వార్నింగ్. అయిపోయింది.”

ఒక్క తల ఊపితే చాలు. పిల్లకి ఉద్యోగం, తనకి నీళ్ళు, రెండూ మిగిలేవి. బయట పైపు నీళ్ళ చప్పుడు. అటు పక్కన తర్వాతి క్లాసుకి వచ్చిన చిన్నపిల్లలు, ఎనిమిదేళ్ళ వాళ్ళు, తొమ్మిదేళ్ళ వాళ్ళు, వరసగా నిలబడి బూట్లు విప్పుకుంటున్నారు. వాళ్ళ వెనకాల రెస్క్యూ పడవలో పోవాల్సింది తనే.

“చూసుకోకపోవడం కాదు సార్. అటు తిరిగి చూశాను. కనపళ్ళేదు,” అన్నాడు.

ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు యుగంధర్ గారు. ఎండాకాలం నుంచి అన్నాడు. ఆ మాటకి ఆయన కూర్చుండిపోయాడు. కోప్పడితే బాగుండేదట. కోప్పడలేదు. టేబులు మీదున్న మంచినీళ్ళ గ్లాసు వాడి వైపు జరిపాడు.

“ఒక్కటడుగుతాను సార్. పిల్లకి చెప్పకండి. నా కన్ను పోయి తనకి ఉద్యోగం వచ్చిందనుకుంటుంది. చేరదు. మొండిది.”

“ఏం చెప్పమంటావ్ మరి?”

“లాంచీ నడిపేవాణ్ణి అడిగాను, దగ్గరికొచ్చిన మాట నిజమే అన్నాడని చెప్పండి. వాడెలాగూ ఇక్కడికి రాడు.”

అట్ట మీద కాగితంలో యుగంధర్ గారు రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. యేసురాజు గుడ్డసంచీ తీసుకుని బయటికి వచ్చాడు. ఉప్మా డబ్బా తెరవనే లేదు. జెట్టీ మీదుగా, షెడ్డు పక్కగా, గేటు దాకా నడిచాడు. వెనక్కి తిరగలేదు. నలభై ఏళ్ళు చేసిన చోటు, ఒక దండ లేదు, ఫోటో లేదు. పదకొండున్నరకి బస్సెక్కాడు.

ఆ సాయంత్రమే మా వాకిట్లో కూర్చుని ఇదంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక, “ఎలా ఆపిందనుకున్నావు అన్నయ్యా! తాడు అలా వదిలేసింది. నాన్న చూస్తే వీపు తట్టేవాడు,” అన్నాడు. అప్పుడు మాత్రం వాడి మొహం ఏడేళ్ళ పిల్లాడి మొహంలా వెలిగింది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఉన్నాడు. నాగజ్యోతి ఉద్యోగంలో చేరిందని విని, సువార్తతో పాయసం చేయించాడు. సాగర్ వైపు పోలేదు. ఆ పిల్ల ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. గొంతు వింటే నిజం కక్కేస్తానని భయం. ఈస్టరు ముందరి మట్టల ఆదివారానికి రెండు రోజుల ముందు, శుక్రవారం, పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, కుర్చీలో అలాగే వెనక్కి వాలాడు. సువార్త గ్లాసు తీయడానికి వచ్చేసరికి వాడు లేడు.

సమాధుల తోటకి నాగజ్యోతి వచ్చింది. లోపలికి రాకుండా గేటు బయట వేపచెట్టు దగ్గర నిలబడింది. నేనే పోయి పలకరించాను.

“తాత నా మీద కోపంతోనే పోయిండు పెద్దతాతా. ఆ రోజు విజిల్ ఇనలే కద నేను. పోయేటప్పుడు జెట్టీ మీద పక్కకొచ్చి నిలబడ్డ. చెయ్యెత్తిన. ఇంత దగ్గర. చూసి సుత చూడనట్టు పోయిండు.”

ఆ పిల్లని ఎక్కడ నిలబడ్డావని అడిగాను. షెడ్డు వైపా, నీళ్ళ వైపా అని అడిగాను. నీళ్ళ వైపు అంది. గేటుకి పోయే మనిషికి నీళ్ళు ఎటు పక్క ఉంటాయి గ్రేసీ? ఎడమ పక్క. ఆ పిల్ల నిలబడింది వాడి ఎడమ పక్క.

అది ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను. వాడు చెప్పొద్దన్నాడని నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. కానీ వద్దని వాడు అన్నాడే గానీ, సరేనని నేను మాటివ్వలేదు. ఇప్పుడా పిల్ల ఉద్యోగం వాళ్ళు పంపిస్తే చెన్నైలో పెద్ద ట్రైనింగులో ఉంది, ఆగస్టు దాకా రాదు. అందుకే నీ చేత రాయించాను. కాగితం ఫోటో తీసి పంపకు. సాయంత్రం ఫోన్ చేసి, పక్కన ఎవరూ లేరు కదా అని అడిగి, నెమ్మదిగా నువ్వే చదివి వినిపించు నాగజ్యోతికి. ఎడమ పక్క అన్నచోట ఆగు. మళ్ళీ ఒకసారి చదువు.

ఇంకొకటి కూడా చెప్పు. పోయిన వారం వాడి సామాను తెచ్చుకుందామని క్లబ్బుకి పోయాను. సామానంటూ ఏమీ లేదు. షెడ్డు గోడకి వరసగా కొక్కేలున్నాయి, ఒక్కొక్క దానికీ ఒక్కొక్క పేరు. నాగజ్యోతి పేరున్న కొక్కేనికి వాడి నారింజ లైఫ్‌జాకెట్ వేలాడుతోంది. ఆ రోజు పోతూ పోతూ వాడే తగిలించి పోయాడట. ఎవరి మీదో కోపంగా పోయే మనిషి అలా తగిలించడని చెప్పు. ఆ పిల్ల దాన్ని ముట్టుకోలేదట, ఏడాదిగా తన జాకెట్ నేల మీద పెట్టుకుంటోందట. వచ్చాక వేసుకోమను. పట్టీలు మాత్రం బిగించుకోవాలి, అవి ఇంకా పొట్టిగా, వెడల్పుగా ఉండే మనిషి ఒంటి కొలతకే వదులుగా ఉన్నాయి.